అరగంట ముందుకి జరిగిన మధ్యాహ్నం

మూడు కొట్టడానికి ఇంకా టైముంది, అయినా ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది గడియారమ్మ. జేబులో వేసుకుంటే మోగినా వినబడదేమోనని భయం, ఈ సర్వర్ల గదిలో ఫ్యాన్ల హోరు అలాంటిది మరి. బల్ల మీద పెడితే కళ్ళు దానికే అతుక్కుపోయి చేసే పని చెడుతుందని ఇంకో భయం. పట్టుకుంటేనేమో చెమటకి జారుతోంది. గదిలో ఒణికించే చలి, అరచేతిలో చెమట, ఒంటికి కూడా మతి పోయినట్టుంది, పోదూ మరి, మూడు రోజులుగా కంటి నిండా కునుకు లేకపోతే ఎవరి ఒంటికి మతి నిలుస్తుంది? గడియారమ్మ అన్నది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు, ఆఫీసు వాళ్ళ చలవ. సర్వర్లలో టైము దిద్దే పనంతా ఆమె నెత్తిన పడేసి, పైన ఈ పేరొకటి తగిలించారు. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఒక్క క్షణం ఆగి, ఓహో నన్నే, అనుకుని పలుకుతుంది. సంతకం చేసేటప్పుడు తప్ప ఆ పేరుతో ఆమెకి పనేం ఉంది గనక.

వాళ్ళ కంపెనీ పని జైలుకి ఫోన్లు నడపడం. చిన్న కంపెనీ, పెద్ద కాంట్రాక్టు. రోజుకో బ్లాకు చొప్పున, మూడింటి నుంచి నాలుగింటి దాకా లైన్లు తెరుచుకుంటాయి. జైల్లో వాళ్ళు వరసలో నిలబడి, వంతు వచ్చినప్పుడు, ముందుగా చెప్పుకున్న నంబరుకి మాట్లాడుకోవచ్చు. నాలుగైతే మళ్ళీ లోపలికి. లైన్లు తెరిచేది మనిషి కాదు, ఇదిగో ఈ వరసలో చివరనున్న సర్వరు, పచ్చ దీపం మినుకు మినుకుమంటూ ఏం ఎరగనట్టు కూర్చున్న ఈ మహానుభావుడు. గురువారం ఆమె తమ్ముడున్న బ్లాకు. రెండేళ్ళుగా ప్రతి గురువారం ఈ లైన్లు తెరిపించింది ఆమే, మూయించింది ఆమే, ఒక్క గురువారం కూడా ఆమె ఫోను మోగలేదు. ఎందుకు మోగుతుంది, వాడు ఎవరి నంబరూ ఇవ్వలేదు. అమ్మది ఇవ్వలేదు, అక్కది అసలే ఇవ్వలేదు. చూడ్డానికి వెళ్తే, రాను పొమ్మని కబురు పంపేవాడు. మొన్న జైల్లో పాఠాలు చెప్పే మాస్టారు ఫోన్ చేశారు, ‘మీ తమ్ముడు మీ నంబరు ఇచ్చాడమ్మా, ఈ గురువారం వరసలో నిలబడతానన్నాడు, నేను అడగలేదు, వాడే అడిగాడు’ అని. ఆయన ఆ మాట రెండు సార్లు చెప్పారు, వాడే అడిగాడు అని. ఆమె థాంక్స్ చెప్పిందో లేదో గుర్తు లేదు. చెప్పే ఉంటుంది. నోటికి అలవాటైన మాటలు మనం లేకపోయినా వచ్చేస్తాయి.

ఇదే వారం సర్కారు వారికి బుద్ధి పుట్టాలా? దేశం గడియారాన్ని అరగంట ముందుకి జరుపుతున్నాం అన్నారు. సాయంత్రం వెలుగు మిగులుతుందట, కరెంటు ఆదా అవుతుందట. మిగిలిన వెలుగులో ఎవరేం చేసుకుంటారో గానీ ఆమె నిద్ర మాత్రం పోయింది. టీ కొట్టు ఆయన నవ్వాడు, ‘అరగంట ఎవరు తినేశారండీ, మాకేం వాటా లేదా’ అని. జనానికి అది నవ్వులాట. గోడ గడియారం దింపి ముల్లు తిప్పి మళ్ళీ మేకుకి తగిలిస్తే పని అయిపోయె. సర్వర్లకి ముల్లు ఉండదే. వాటికి లోపల ఒకటే లెక్క, ఎప్పుడో మొదలుపెట్టిన సెకన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి, దానికి ఊరూ లేదు పేరూ లేదు, పగలూ రాత్రీ లేదు. బయటికి ఏ ఊరి చొక్కా తొడిగితే ఆ ఊరి టైము చెబుతుంది. ఆ చొక్కాలన్నీ ఒక ఫోల్డరులో మడతపెట్టి ఉంటాయి, లోకంలోని ఊళ్ళన్నీ, ఖండాలవారీగా. ఎన్నో ఏళ్ళుగా ఆ ఊళ్ళ పేర్లు చదువుతోంది, ఒక్కటీ చూసిన పాపాన పోలేదు, కొన్ని పేర్లు నోరు కూడా తిరగవు. మన దేశం చొక్కాకి కొత్త ఫైలు తెచ్చి పాతదాని చోట పెట్టాలి, పెట్టాక డేట్ అని కొట్టి చూసుకోవాలి, సరిగ్గా చెబుతోందా లేదా. మళ్ళీ ఇంకోటి. మళ్ళీ ఇంకోటి. సర్వరు తర్వాత సర్వరు, పిల్లలందరికీ స్నానాలు చేయించే తల్లిలా, ఎవరికి తల తుడిచానో ఎవరికి తుడవలేదో తెలియనంత వరకూ.

డేట్, అని కొట్టింది మళ్ళీ. సరైన టైమే చెప్పింది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అడిగిందో, పాపం విసుక్కోకుండా చెబుతోంది. కళ్ళు మండుతున్నాయి. రెప్పల కింద ఇసక పోసినట్టుంది. కొంచెం మూస్తే ఏం పోతుంది, ఫోను చేతిలోనే ఉందిగా, మోగితే ఒణుకుతుందిగా. వద్దు. మూస్తే ఇక తెరవలేదు. వీళ్ళింట్లో నిద్ర రోగం వంశపారంపర్యం, అమ్మ అలాగే అనేది, తమ్ముణ్ణి చూసి. వాడు నిద్రపోని చోటు లేదు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే తల వాలిపోయేది, చెయ్యి కంచంలో, తల అక్క ఒళ్ళో. బళ్ళో పరీక్ష రాస్తూ కాగితం మీద పడి నిద్రపోతే, టీచరమ్మ లేపలేక ఆమెని పై క్లాసు నుంచి పిలిపించింది, నీ తమ్ముణ్ణి నువ్వే లేపుకోమ్మా అని. బుగ్గ మీద సిరా, ప్రశ్న నంబరు తిరగబడి అచ్చు పడింది. క్లాసంతా నవ్వు. వాడు కళ్ళు నులుముకుని, అక్కా ఇంటికెళ్దామా, అన్నాడు. కుంభకర్ణుడు అని పేరు పెట్టారు, చివరికి కర్ణుడు అయింది, వీధంతా కర్ణుడే. వాడికి పెద్దయ్యాక దొరికిన పని ఏంటయ్యా అంటే లారీ నడపడం. దేవుడు వెటకారం చేస్తాడు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా.

డ్రైవరుగా వాడు మంచోడే, అబద్ధం ఎందుకు. హారన్ కూడా మొహమాటంగా కొట్టేవాడు. ఆ వారం లోడు అర్జెంటు అన్నారు, దించి రాగానే ఇంకోటి అన్నారు, వద్దు సార్ ఒంట్లో ఓపిక లేదు అంటే సరే ఇంకొకణ్ణి చూసుకుంటాం అన్నారు. ఇంకొకణ్ణి చూసుకుంటాం అన్న మాటకి లొంగని వాడెవడు. తెల్లారుజామున, ఇంటికి ఇంకా రెండు వీధులు ఉన్నాయనగా రెప్ప వాలింది, చక్రాల కింద రోడ్డు ఊడ్చే ఆయన. పేరు చెప్పడం ఇష్టం లేదు ఆమెకి, మనసులో కూడా, ఆ పేరు అనుకునే అర్హత లేదనిపిస్తుంది. కోర్టులో ఆయన భార్య చివరి బెంచీలో కూర్చునేది, చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ తిట్టేది కాదు, ఎవరి వంకా చూసేది కాదు. తిట్టినా బాగుండేది. ఆవిడ అలా కూర్చోవడం చూడలేకే, ఆ బాధ ఎక్కడ పెట్టుకోవాలో తెలీకే, వరండాలో పోలీసుల మధ్య తమ్ముడు ఎదురుపడినప్పుడు ఆమె నోరు జారింది. నిద్రొస్తే బండి పక్కకి ఆపుకోవాలని తెలీదుట్రా, ఆ మాత్రం ఒంటి మీద ధ్యాస ఉండక్కర్లేదా మనిషన్నాక. వాడు తల ఊపాడు, అవును అన్నట్టు. అంతే, ఆ ఊపిన తలే ఆఖరు, రెండేళ్ళు. అన్న మాటలో తప్పేముంది, తప్పేం లేదు, అందరూ అన్నారు అదే మాట, జడ్జిగారు కూడా అన్నారు ఇంకొంచెం మర్యాదగా. కానీ అందరూ అక్కలు కాదుగా.

పొద్దున బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ‘వాడు చేస్తే నాకివ్వమని అడగనే. నీకు చేస్తున్నాడు, నువ్వే మాట్లాడు. గొంతు ఎలా ఉందో విని చెప్పు, చాలు.’ ఆ చాలు అన్నప్పుడు అమ్మ తలుపు గొళ్ళాన్ని తిప్పుతూ ఉంది, మూసి తెరిచి, మూసి తెరిచి. అదొక్కటే ఇప్పుడు కావలసింది, ఇంకేం అక్కర్లేదు. ఈసారి వాడు మాట్లాడకపోతే, ఈసారి గనక ఏదైనా అడ్డం పడి ఆ లైను కలవకపోతే, మళ్ళీ వాడంతట వాడు అడగడు. ఆమెకి తెలుసు వాడి సంగతి. చిన్నప్పుడు కూడా ఒక్కసారే అడిగేవాడు ఏదైనా, లేదంటే పోయి పడుకునేవాడు.

మూడు. గోడ మీద మూడు, తెర మీద మూడు, ఫోను మీద మూడు. అన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి, ముచ్చటగా. వరసలో నిలబడి ఉంటారు, వాడు ఎక్కడో మధ్యలో ఉంటాడు, ముందువాళ్ళవి అవ్వాలి, తొందరేం లేదు. కాసేపు గడిచింది. ఇంకాసేపు. ముందువాడికి భార్య ఏడుస్తూ ఉండి ఉంటుంది, ఆ ముందువాడికి కూతురు పాట వినిపిస్తూ ఉంటుంది, ఇవ్వాలి టైము, వాళ్ళకి కూడా వారానికి ఇదొక్కటే. ఫోను గాజు మీద ఆమె వేలిముద్రలు తప్ప ఏమీ లేదు. అప్పుడు మెల్లగా లోపల ఒకటి కూర్చుంది, బరువుగా, వాడు మనసు మార్చుకున్నాడు. వరసలో నిలబడి ఉంటాడు, వంతు దగ్గర పడి ఉంటుంది, ఏం మాట్లాడాలిలే అనుకుని వెనక్కి వెళ్ళిపోయి ఉంటాడు. పోనీలే. వాడి ఇష్టం. అసలు ఇన్నాళ్ళూ లేనిది ఇవాళ ఎందుకు చేస్తాడు, మాస్టారు మంచి మనిషి గనక ఆయనే కల్పించి చెప్పి ఉంటారు, వాడే అడిగాడు అని రెండు సార్లు చెప్పినప్పుడే అర్థం కావాల్సింది. అమ్మకి ఏం చెప్పాలి. గొంతు బాగానే ఉందే, కొంచెం జలుబు చేసినట్టుంది, అని చెబితే నమ్ముతుంది. నమ్మదు. నమ్మినట్టు ఉంటుంది. అలసట ఒక్కసారిగా కాళ్ళలోంచి పైకి పాకింది, ఏడుపు కూడా రాలేదు, ఏడవడానికీ ఓపిక ఉండాలి కదా, కుర్చీలో అలాగే వెనక్కి వాలింది.

బల్ల మీద ఆఫీసు ఫోను మోగింది. ఆమెది కాదు, ఆఫీసుది, నల్లది. జైలు వార్డరు.

‘ఏంటమ్మా మీ లైన్లు? మూడింటి నుంచి నిలబడి ఉన్నారు వీళ్ళంతా. ఒక్క ఫోనులోనూ ప్రాణం లేదు. పాడయిందని చెప్పి వెనక్కి పంపించెయ్యనా?’

‘వద్దు సార్! వద్దు వద్దు. పంపకండి. ఐదు నిమిషాలు, చూస్తున్నాను, మీ కాళ్ళు పట్టుకుంటాను.’

‘కాళ్ళెందుకులే తల్లీ, చూడండి త్వరగా’ అన్నాడాయన, తగ్గి.

వాడు మనసు మార్చుకోలేదు. నిలబడి ఉన్నాడు. చచ్చిన ఫోను ముందు వరసలో నిలబడే ఉన్నాడు! సంతోషం, వెంటనే దాని నెత్తిన భయం. డేట్, అని కొట్టింది. సరైన టైమే. మరి నీకేం రోగం? టైము సరిగ్గా తెలుసు, మూడు దాటిందని తెలుసు, లైన్లు ఎందుకు తెరవలేదు? తెరిచేది క్రాన్ కదా. క్రాన్ అంటే సర్వరులో ఉండే నౌకరు, ఫలానా టైముకి ఫలానా పని చెయ్యి అంటే నోరెత్తకుండా చేస్తాడు. వాడిని ఎవరైనా ఆపేశారా, లేదు, నడుస్తూనే ఉన్నాడు, నెలల తరబడి ఆగకుండా నడుస్తూనే ఉన్నాడు. ఆగకుండా. అయ్యో. అయ్యో నా తల్లీ. మిగతా సర్వర్లన్నీ టైము మార్చాక ఒకసారి ఆపి మళ్ళీ లేపింది. దీన్ని మాత్రం ఆపలేదు, పొద్దున ఖైదీలతో లాయర్లు మాట్లాడే ఫోన్లు దీని మీదే ఉన్నాయని, మధ్యలో తెగిపోతే గొడవని, ఫైలు ఒక్కటే మార్చి, క్రాన్‌ని తర్వాత లేపుదాంలే అనుకుంది. లేపుదాంలే. తర్వాత. ఆ తర్వాత ఏమైందో ఆమెకి తెలీదు, కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం లేదు. నౌకరు ఎప్పుడో పనిలోకి వచ్చినప్పుడు చూసుకున్న టైమే మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఇంట్లో గడియారం మారిన సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి లెక్కన ఇంకా మూడు కాలేదు. ఒక్క ముక్క. కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజే నేర్పుతుంది ఈ ఒక్క ముక్క, గుర్తుంచుకోండర్రా, టైము మారిస్తే క్రాన్‌ని లేపాలి, డేట్‌ని నమ్మకండి అని.

ముందు క్రాన్‌ని ఆపి లేపింది. అది చెయ్యకుండా లైన్లు తెరిస్తే, పాత మూడు అయ్యేసరికి వాడు మళ్ళీ వచ్చి అన్ని లైన్లూ కోసేసి మొదటి నుంచి తెరుస్తాడు, సగం మాటల్లో ఉన్నవాళ్ళు గాల్లో ఉండిపోతారు. అది గుర్తొచ్చినందుకు తనకి తనే దండం పెట్టుకోవాలనిపించింది. ఇప్పుడు చేత్తో లైన్లు తెరవాలి. వార్డరుని అడిగింది, నాలుగు తర్వాత కొంచెం ఉంచగలరా అని. ఆయన నొచ్చుకుంటూనే కుదరదన్నాడు, నాలుగుకి లెక్క పెట్టుకుని తాళం వెయ్యాలి, అది నా చేతుల్లో లేదమ్మా అన్నాడు. పోయిన టైము పోయింది, ఉన్నదే అందరికీ సర్దాలి, ఉన్నట్టే వదిలేస్తే వరస చివర వాళ్ళకి వంతే రాదు. తెర మీది వంతుల జాబితాలో తమ్ముడు ఎక్కడున్నాడో చూసింది. చివర కాదు గానీ చివరికి దగ్గర. ఒక్క అంకె మారిస్తే వాణ్ణి ముందుకి తేవచ్చు. ఎవరికీ తెలీదు, ఈ గదిలో ఫ్యాన్లు తప్ప ఎవరున్నారు. వేలు ఆ అంకె మీదికి వెళ్ళింది కూడా. వాడి ముందు నిలబడ్డ వాళ్ళందరికీ ఎవరో ఒకరు ఉంటారు, ఎక్కడో ఫోను చేతిలో పట్టుకుని, చెమటకి జారుతుంటే. వేలు తీసేసింది. ఒక్కో మనిషికిచ్చే టైములో ఇంత అని అందరిదీ సమంగా కోసింది, వాడిది కూడా, వంతు మాత్రం వంతే. తెరిచింది. నల్ల ఫోనులో, ‘ఆఁ, వచ్చాయమ్మా’ అన్నాడు వార్డరు, ఆయన వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

తన ఫోను పట్టుకుని మెట్ల మీదికి వచ్చింది. మెట్ల కిటికీలోంచి ఎండ ఇంకా గట్టిగానే ఉంది, అరగంట ఎక్కువ కాచే ఎండ. మెట్టు మీద కూర్చుంటే లేవలేనేమోనని నిలబడింది, నిలబడలేక కూర్చుంది. ఎంతసేపో. ఫోను ఒణికింది. ‘ఇది కారాగారం నుంచి వస్తున్న ఫోను, మాట్లాడాలంటే ఒకటి నొక్కండి’ అంటోంది రిసెప్షన్ అమ్మాయి గొంతు, రికార్డు చేసిన రోజు పడిశం పట్టి ఉంది ఆ పిల్లకి, ముక్కుతో చెబుతుంది, ఆఫీసంతా ఏడిపిస్తారు ఇప్పటికీ. ఒకటి నొక్కింది. తప్పు నొక్కానేమోనని మళ్ళీ తెర వంక చూసుకుంది.

‘అక్కా.’

గొంతు బాగానే ఉంది. కొంచెం లావయింది. ‘ఆఁ, చెప్పరా’ అంది, రెండేళ్ళుగా దాచుకున్న మాటల్లోంచి ఈ రెండే బయటికి వచ్చాయి.

‘చాలాసేపు పని చెయ్యలేదే ఫోన్లు. నువ్వు చూసీ చూసీ వెళ్ళిపోయుంటావనుకున్నా.’

‘ఎక్కడికి పోతానురా. అది నా వల్లే. ఆ లైన్లు తెరవాల్సింది నేనే, మూడు రోజులుగా నిద్ర లేదు, పొద్దున కళ్ళు తెరుచుకునే ఉన్నాను గానీ ఒళ్ళు తెలీలేదు, ఒక్క పని మర్చిపోయాను. ఒక్కటేరా. మీరంతా అక్కడ నిలబడిపోయారు. నాకు తెలీలేదు, నిజంగా తెలీలేదురా, ఎప్పుడు మర్చిపోయానో కూడా...’ ఆ మాటలు అంటుండగానే అవి ఎవరు అనాల్సిన మాటలో, ఎవరిని అననివ్వకుండా ఆ రోజు వరండాలో నోరు మూయించిందో తెలిసింది ఆమెకి, ఫోను చెవికి ఆనించుకునే ఏడ్చేసింది.

అవతల, వాడి వెనక ఎవరో నవ్వుతున్నారు, ఎవరో పిల్లాడితో ముద్దుగా మాట్లాడుతున్నారు.

‘ఎవరికీ ఏం కాలేదుగా?’ అన్నాడు తమ్ముడు, మెల్లగా, భయంగా.

‘లేదురా. ఎవరికీ ఏం కాలేదు. అందరికీ లైన్లు వచ్చాయి.’

వాడు ఊపిరి వదలడం వినిపించింది, ఇంతసేపూ బిగబట్టినట్టు. ‘హమ్మయ్య. అయితే ఏడవకు. ముందు ఇంటికెళ్ళి పడుకో అక్కా. ఇంకెవరు పిలిచినా వెళ్ళకు, పడుకో. వచ్చే గురువారం చేస్తాను, అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో’ అన్నాడు, అంతలోనే ఆమె కోసిన టైము అయిపోయింది.

‘సరేరా, పడుకుంటాను’ అంది గడియారమ్మ, తెగిపోయిన ఫోనులోనే.